ముందు కాళ్ళు

గవర్నర్‌పేటలో నేను ప్రూఫులు దిద్దిన ప్రెస్సువాళ్ళు అప్పట్లో బొమ్మలతో యుద్ధచరిత్ర వేస్తున్నారు. దానికి బొమ్మలు గీసే ఆర్టిస్టుగారు ఏ సైనికుడికైనా ముందు కాళ్ళే గీసేవారు. ముఖం, తుపాకీ ఆ తర్వాతే. ఆయన సైనికులు నడుం వంచి, బురదలోంచి ఒక్కో పాదం ఊడబీక్కుంటూ నడిచేవారు.

"వీరులండీ బాబూ వీళ్ళు! ఇలా ఈడ్చుకుంటూ నడుస్తారా? మద్రాసు ఆర్టిస్టుకి ఇచ్చేస్తా" అని ఒకరోజు ఓనరుగారు కేకలేశారు. ఈయన ఒక్క గీతా మార్చలేదు.

ఆ రోజే, బంగ్లాదేశ్ యుద్ధంలో పనిచేసొచ్చిన హవల్దారుగారొకరు చెల్లెలి శుభలేఖలకని వచ్చి, బల్లమీది బొమ్మ దగ్గర ఆగిపోయారు.

"మేం అచ్చం ఇలాగే నడిచామండీ. తమరిది ఏ రెజిమెంటు?"

కృష్ణ దాటి ఎరగని ఆర్టిస్టుగారు కుంచె కడుక్కుంటూ అన్నారు:

"మా అమ్మ వరినాట్లకి వెళ్ళేదండీ. ఇవి ఆవిడ కాళ్ళే."