వదిన చిటికెన వేలు

"కడగమన్నాను గానీ విరగ్గొట్టమన్నానా?"

"నేను విరగ్గొడితే ముక్క ఏదండీ? మింగేశానా?"

"అది నువ్వే చెప్పాలి. రికార్డు ఫొటోలో అయిదు వేళ్లున్నాయి, ఇక్కడ నాలుగే."

"ఆ ఫొటో పదేళ్ల నాటిది. అప్పుడు మీకూ తలనిండా జుట్టుంది!"

శిల్పాలకు పేరుపడ్డ పాత గుడిలో, దక్షిణపు గోడ దగ్గర గొడవ. అరుస్తున్నది సూపర్‌వైజరు. మాటకు మాట అప్పజెబుతున్నది శిల్పాలు శుభ్రం చేసే ఆవిడ. ఇద్దరి మధ్యా గోడమీద అద్దం పట్టుకున్న రాతి అమ్మాయి, చిటికెన వేలు లేకుండా, తనకేమీ పట్టనట్టు మొహం చూసుకుంటోంది.

నేను పక్కకు తప్పుకోలేదు. డిగ్రీ మధ్యలో మానేసినవాడికి పనీ ఉండదు, మొహమాటమూ తక్కువే. ఇంట్లో నిట్టూర్పులు వినలేక, తొమ్మిది రోజుల కిందట అమ్మతో చూసిన గుడికే మళ్లీ వచ్చాను.

ఆవిడ అక్కడ పందొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. అత్తగారి చేతిలోని కుంచె అందుకుని చేరిందట. సబ్బు వాడదు. బకెట్టెడు మంచినీళ్లు, మెత్తటి కుంచె, దూది, పావురాల రెట్ట గీకడానికి ఒక వెదురు పుల్ల. ఇనుమనేది రాయికి తగలనివ్వదు. గోడమీది ఆడవాళ్లందరితో వరసలు కలిపేసింది. మద్దెల వాయించేది మరదలు, చిలకతో కబుర్లాడేది పిన్ని, ఈ అద్దం మనిషి వదిన. "నువ్వెలాగూ మెడ తిప్పవు, నేనే అటు తిరుగుతాలే" అంటూ వాళ్లతో మాట్లాడుకుంటూనే కడుగుతుందని టికెట్లమ్మే అతను నాకు తర్వాత చెప్పాడు.

"మధ్యాహ్నం ఆఫీసరు వస్తాడు. రిపోర్టు రాయక తప్పదు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు సూపర్‌వైజరు.

"అది పాత దెబ్బండీ. విరిగిన చోట మసి పట్టి నల్లగా ఉంటే నేనే తుడిచాను."

"ఏదీ మసి? తెల్లగా మెరుస్తోంది. నిన్న విరిగినట్టుంది."

దెబ్బ పాతదని చెప్పగలిగేది ఆ మసి ఒక్కటే. దాన్ని తన చేత్తోనే, దూది పెట్టి మరీ, తుడిచేసింది. కాస్త బద్ధకస్తురాలై ఉంటే ఉద్యోగం నిలిచేది. బకెట్టు పక్కన కూలబడి, ఎండిపోయిన కుంచెను పిండుతూ కూర్చుంది.

"ఈ గోడ ఎప్పుడు మొదలుపెట్టారు?" అడిగాను.

"నాలుగు రోజులైంది. నువ్వెవరు బాబూ?"

ఫోను తీశాను. అందులో ఈ శిల్పం పక్కనే నిలబెట్టి అమ్మకు తీసిన ఫొటో ఉంది. అమ్మ మొహం సగమే పడింది. "కన్నతల్లి సగం, రాతిబొమ్మ మొత్తమూనా? తీసిపారెయ్ దాన్ని!" అని ఆ రోజే తిట్టింది. బద్ధకించి తీసెయ్యలేదు.

సగం మొహం మా అమ్మదని చెప్పి, శిల్పం చెయ్యి పెద్దది చేసి ఇద్దరికీ చూపించాను. చిటికెన వేలు లేదు. ఆ చోట బొగ్గులాంటి నలుపు. పైన తొమ్మిది రోజుల కిందటి తేదీ.

సూపర్‌వైజరు కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూశాడు. "అమ్మయ్య!" అన్నాడు ఆవిడకంటే ముందు. "నాకూ సంజాయిషీ తప్పింది. ఇంతసేపూ గుడ్లప్పగించి చూసే బదులు ఇది ముందే చూపించొచ్చుగా!" అని నన్ను కసిరి, ఆవిడ వైపు చూడకుండా, "సరే, పని చూసుకో" అని గొణిగి వెళ్లిపోయాడు.

ఆవిడ బకెట్టులో నీళ్లతో మొహం కడుక్కుంది. తర్వాత రాతి పాదం మీద చిన్నగా ఒక్కటిచ్చింది. "ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది వదినా? ఎంత హడలగొట్టావ్!"

నవ్వు ఆగలేదు నాకు. ఆవిడా నవ్వింది, ముక్కు తుడుచుకుంటూ.

"బాబూ, రేపు ఖాళీయేనా?"

"నేనెప్పుడూ ఖాళీయే."

"అయితే ఎనిమిదింటికల్లా రా. పడమటి గోడకి నేను నీళ్లు తగిలించకముందే అందరి ముక్కులూ, వేళ్లూ ఫొటో తియ్యి, మసి మసిగానే. మీ అమ్మగారినీ తీసుకురా. ఈసారి ఆవిడ మొహం మొత్తం పడిందో లేదో నేను చూస్తాను."