చేపలు వేపిన నూనె, చన్నీళ్ల స్నానం

నన్ను చూసి నవ్వడానికి మీకు ఎన్ని కారణాలైనా ఇవ్వగలను. ఇవాళ్టికి ఒక్కటి చాలు. నలభై రోజులు నిష్ఠగా ఉన్న ఐదుగురు అయ్యప్ప స్వాములకు, తెల్లారకముందే, చేపల వేపుడు పొగ పట్టించిన ఘనుణ్ణి నేను. ఆ ఐదుగురిలో ఒకాయన మా బాపు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచదు.

మాది శామీర్‌పేట దగ్గర. బాపు చెరువులో చేపలు పడతాడు. నాకు వల పట్టడం నామోషీ. అందుకని పాత డీజిల్ ఆటో ఒకటి, ఏడు సీట్లది, కొనుక్కుని మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య తిప్పేవాణ్ణి. ఆ రోజుల్లో నా చదువంతా ఫోన్‌లోనే. ఒక వీడియోలో ఎవడో వంటనూనె పోసి బండి నడిపాడు. ఇంకేం, నాలోని సైంటిస్టు నిద్ర లేచాడు.

మా దోస్తు నర్సింగ్‌కు చెరువు కట్ట దగ్గర చేపల వేపుడు బండి ఉంది. వాడు పారబోసే పామాయిల్‌ను తెచ్చి, మా ఆవిడ నూలు చీరలో వడగట్టి, డీజిల్‌లో సగానికి సగం కలిపి ట్యాంకులో పోశాను. ఆటో నడిచింది! చీర ఖరాబు చేశానని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు గానీ, ఆటో మాత్రం నడిచింది.

మెకానిక్ యాదగిరికి గొప్పగా చెప్పుకున్నాను.

"అన్నా, గిది పామాయిల్," అన్నాడు. "ఎండల మంచిగనే ఉంటది. సలి వెట్టిందంటె గడ్డ గడ్తది. ఫిల్టర్ల నుంచి పోదు."

"నువ్వు వీడియో జూడలే తమ్మీ."

"వీడియో జూడలే గని, మా ఇంట్ల నూనె డబ్బా రోజు జూస్త."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా దగ్గర అది తిరగబడింది. వినేవాడికే చెప్పేవాడు లోకువయ్యాడు.

ఇక బాపు మాల సంగతి. అంతకు ముందు ఏడు నాకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడి ఉంటే, కొడుకు లేచి తిరిగితే మాల వేసుకుని శబరిమల వస్తానని మొక్కుకున్నాడు. కొడుకు లేచాడు. (లేచి ఏం చేస్తున్నాడో మీరు చూస్తూనే ఉన్నారు.) చేప లేకుండా ముద్ద దిగని మనిషి, వల అటకెక్కించి పప్పుచారుతో రోజులు గడిపాడు. దానికన్నా కష్టం ఇంకోటుంది. మాలలో ఉన్నవాళ్లు కోపం తెచ్చుకోకూడదు, ఎదుట ఎవరున్నా "స్వామీ" అనే పిలవాలి. నన్ను "గాడిద కొడకా" అనకుండా బాపు నలభై రోజులు ఉండటం అదే మొదటిసారి. (ఆ తిట్టు అసలు ఎవరికి తగులుతుందో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.)

ఇరుముడి కట్టే రోజు వచ్చింది. పొద్దున ఏడింటికల్లా మేడ్చల్ గుడికి చేరాలి. ఇరుముడి తలకెత్తుకుని, అక్కడి నుంచే గురుస్వామి మాట్లాడిన బస్సెక్కాలి. అది తప్పితే బాపు మొక్కు తప్పినట్టే.

"మీ ఐదుగురిని నా ఆటోల తీస్కపోత," అన్నాను ఛాతీ విరుచుకుని.

సరిగ్గా ఆ వారమే చలి ముదిరింది. ఆటో నాలుగుసార్లు దగ్గి, బలవంతంగా కదిలింది. వెనకాల ఘుమఘుమ మొదలైంది. మచ్చ బొల్లారం నుంచి వచ్చిన లావుపాటి స్వామి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందో వాసనొస్తాంది స్వామీ."

"రోడ్డు పక్కన హోటళ్లుంటయ్ గద స్వామీ," అన్నాను.

"పొద్దుగాల ఆరింటికా?"

చుట్టూ పొలాలు. హోటల్ సంగతి దేవుడెరుగు, వెలిగించిన పొయ్యి కూడా లేదు. రెండు కుక్కలు మాత్రం భక్తిగా మా వెనక ఉరుకుతున్నాయి.

సగం దారిలో ఆటో ఎగిరెగిరి పడి ఆగిపోయింది.

"దిగి జర నూకుండ్రి స్వామీ," అన్నాను.

చెప్పుల్లేని కాళ్లతో ఐదుగురూ "స్వామియే శరణమయ్యప్ప" అంటూ తోశారు. ఒక్కో శరణానికి ఆటో వాళ్ల ముఖాన ఒక్కో గుప్పెడు పొగ వదిలింది.

"ఆగుండ్రి స్వామీ." అది బాపు గొంతు.

ఆయన పొగ గొట్టం దగ్గర వంగి, కళ్లు మూసుకుని వాసన పట్టాడు. యాభై ఏళ్లు చెరువును నమ్ముకుని బతికిన ముక్కు అది.

"గిది బొచ్చె చాప," అన్నాడు. "మన చెర్ల బొచ్చెనే. మక్కపిండి వెట్టి యేపిండ్రు. అల్లం జర ఎక్కువైంది." కళ్లు తెరిచి నన్ను చూశాడు. "నర్సింగ్ బండి నూనె. నిజమేనా స్వామీ?"

తల దించుకుని అంతా ఒప్పుకున్నాను.

బాపు పెదాలు అదిరాయి. "నీ..." అన్నాడు. ఆగాడు. మెడలో మాలను గట్టిగా పట్టుకున్నాడు. "నీ... స్వామీ!" అన్నాడు. అంత ఘోరమైన తిట్టు నేను జన్మలో తినలేదు.

ఫోన్ చేస్తే యాదగిరి కొత్త ఫిల్టర్, డబ్బాలో డీజిల్ పట్టుకుని బైకు మీద వచ్చాడు. పాత ఫిల్టర్ విప్పి అందరికీ చూపించాడు. లోపల పచ్చటి ముద్ద పేరుకుని ఉంది.

లావుపాటి స్వామి తొంగిచూశాడు. "ఇరుముడి కొబ్బరికాయల పోసుడుకు నెయ్యి గుడ నువ్వే తెచ్చినవా స్వామీ?"

యాదగిరి ట్యాంకు ఖాళీ చేసి, డీజిల్ పోసి, పైపుల్లో చిక్కుకున్న గాలి తీస్తున్నాడు. గురుస్వామి ఫోన్ చేశాడు. బస్సు కదలబోతోందట. బాపు ఎత్తాడు.

"బండి ఖరాబైంది స్వామీ. జర ఆగుండ్రి, వస్తున్నం," అన్నాడు. అంతే. నా పేరు ఎత్తలేదు. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

బస్సు ఆగింది. మేం చేరాం. కానీ నీచు పొగ పట్టిన ఒంటితో ఇరుముడి ఎలా కట్టుకుంటారు? ఐదుగురూ గుడి నల్లా కింద మళ్లీ చన్నీళ్ల స్నానం చేశారు. నా ప్రాణం కోసం మొక్కుకున్న మనిషి నా తెలివితేటల వల్ల గజగజ వణుకుతుంటే, తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. భూమి చీలితే అందులోకి దూరిపోవాలనిపించింది.

బస్సెక్కే ముందు, ఇరుముడి తల మీద పెట్టుకుని, బాపు మెల్లగా అన్నాడు: "మాల తీసినంక మాట్లాడుకుందాం స్వామీ."

ఆ వారమంతా నాకు కంటి మీద కునుకు లేదు.

బాపు తిరిగొచ్చాడు. మాల తీశాక అమ్మ, ఇన్ని రోజులు నోరు కట్టుకున్నాడు కదా అని ఆయన ఇష్టంగా తినే బొచ్చె ముక్కలు పొయ్యి మీద వేసింది. నేను చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"ఇగ తిట్టు బాపూ," అన్నాను.

బాపు గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. అంతలో వంటింట్లోంచి వేపుడు వాసన వచ్చింది. ఆయన ముఖం మాడిపోయింది.

"గాడిద కొడకా! ముందుగాల ఆ ఆటో బంద్ జెయ్!"

ఆటో పొద్దుటి నుంచీ బందే ఉంది.

అమ్మ పళ్లెంలో పెట్టిన ముక్కను బాపు నోటి దాకా తెచ్చి దించేశాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో చేపంటే పులుసే. యాభై ఏళ్లుగా ఇష్టంగా తిన్న వేపుడును ఆయనకు దూరం చేసిన పుణ్యం నాది.

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. బాపు మాల తీశాడు గానీ, నా ఆటోకు నేను వేసిన మాల ఈ జన్మలో తీయను. అది నీచు ముట్టదు, నూనె ముట్టదు, బంకులో పోసిన డీజిల్ తప్ప మరో చుక్క తాగదు. ఎంత మొరాయించినా నేను దాన్ని తిట్టను. రోజూ పొద్దున్నే దండం పెట్టి, "జర స్టార్ట్ గా స్వామీ" అని బతిమాలుకుంటున్నాను.