మత్తు సూది వద్దన్న బేరం

మాది మల్కాజ్‌గిరిలో కిరాణా దుకాణం. కొత్తిమీర కట్టను కూడా బేరం చేయకుండా కొనని ఇంట్లో పెరిగాను. యూనివర్సిటీలో పీజీ చదువుతూ తార్నాకలో గది తీసుకున్నప్పుడు ఒక డాబర్‌మన్ కుక్కపిల్లను తెచ్చుకుని, హిందీలో సింహం అని అర్థం వచ్చేలా షేర్ అని పేరు పెట్టాను. వేలాడే చెవులతో కుందేలులా ఉందని క్యాంపస్‌లో అందరూ నవ్వేవారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

చెవులు కోసి నిలబెడతాడని ఎవరో చెబితే ఒకాయనను గదికి పిలిపించాను. డాక్టరేనా అని అడగలేదు, బేరం మాత్రం గంటసేపు ఆడాను. చివరికి ఆయన విసిగిపోయి, "మత్తు సూది వద్దంటే ఇంకింత తగ్గిస్తా తమ్మీ. నువ్వు గట్టిగ పట్టుకుంటే సాలు," అన్నాడు.

"గట్లనే కానియ్ అన్నా," అన్నాను, గెలిచినట్టు.

షేర్‌ను పట్టుకున్నది నేనే. ఆపుతానేమోనని అది అరుస్తూనే నా చేయి నాకింది. నేను ఆపలేదు.

వారం తిరక్కుండానే కట్టు కింద వాసన మొదలైంది. పశువుల డాక్టరమ్మ విప్పి చూసి, "చీము పట్టింది. ఎడమ చెవి మొదలంటా తీసెయ్యాలె. అందం కోసం దీన్ని ఇంత గోస పెడ్తరా?" అంది. ప్రాణం మాత్రం దక్కించింది.

నాలుగేళ్లయింది. ఇప్పుడు అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. బేరాలు మానలేదు. కానీ ఎదుటివాళ్లు సరేననగానే, ఏం తీసేసి తగ్గించారోనని గుండె జారుతుంది.

షేర్ క్యాంపస్‌లో అందరి చేతా తల నిమిరించుకుంటుంది. నేను చెయ్యి చాపితే మాత్రం కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంటుంది, పట్టుకోవడానికి వీలుగా.