పెద్దమ్మ నాలుగో పాఠం

ఆ శిశు సంరక్షణ కేంద్రంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లలకు పెద్దమ్మ, పిల్లల తల్లులకు పెద్దమ్మ, ఆఖరికి ఆమె కూతురి వయసున్న మేనేజరమ్మకు కూడా పెద్దమ్మే. పంతొమ్మిదేళ్లుగా చిన్నగది ఆమెది. చిన్నగది అంటే నడక వచ్చీరాని పిల్లల గది. ఆరు పరుపులు, ఆరు దుప్పట్లు, గోడ పొడుగునా మోకాలెత్తు అరలు, ఓ మూల అద్దం బిగించిన బుల్లి ఆఫీసు. ఏ బిడ్డ కడుపునొప్పికి ఏడుస్తున్నాడో, ఏ బిడ్డ ఉత్త పంతానికి ఏడుస్తున్నాడో పక్కగదిలో ఉండి కూడా చెప్పేది. ఆమెకు ముక్కుమీదే కోపం. కానీ అది పెద్దవాళ్ల మీదే. పిల్లలు ఆ ముక్కునే పట్టుకుని పీకినా కిక్కురుమనేది కాదు.

అలాంటి మనిషి నెత్తిన శిక్షణ వచ్చి పడింది. పిల్లలను చూసుకునేవాళ్లంతా ట్యాబ్‌లో పన్నెండు పాఠాలు విని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నెలాఖరులోగా తేలేనివాళ్లు పిల్లల గదిలో ఉండటానికి వీల్లేదు. వంటగదికో, బట్టలు ఉతికే గదికో మారాలి. జీతం అదే, పనివేళలు అవే, పిల్లలు మాత్రం ఉండరు. అది విన్ననాడు పెద్దమ్మకు అన్నం సహించలేదు. చిన్నగది లేకపోతే పొద్దున్నే లేవడం దేనికో ఆమెకు నిజంగానే తెలియదు.

చదువంటే పడని మనిషేమీ కాదు. మొదటి మూడు పాఠాలూ ఇష్టంగానే వింది. రెండో పాఠంలో, బిడ్డను వెనక నుంచి వచ్చి చటుక్కున ఎత్తుకోకూడదనీ, ఎదురుగా వచ్చి, చేతులు చూపించి, చెప్పి ఎత్తుకోవాలనీ చెప్పారు. "నిజమే సుమా! మనల్నెవరైనా వెనక నుంచి అలా ఎత్తితే గుండె ఆగిపోదూ?" అంది వంటావిడతో. మర్నాటి నుంచే అలా ఎత్తుకోవడం మొదలుపెట్టింది. పంతొమ్మిదేళ్లు తప్పు చేశానని ఒప్పుకోవడానికి ఆమెకు క్షణం పట్టలేదు. అసలు తంటా అంతా నాలుగో పాఠంతో వచ్చింది.

ఆ పాఠం పేరు "బిడ్డ పిలుపుకు స్పందన". మిగతావన్నీ పావుగంటవే, ఇది మాత్రం నలభై నిమిషాలు. మధ్యమధ్యలో తెర మీద పచ్చగా ఓ మీట వెలిగేది, "చూస్తున్నారా?" అని. అరనిమిషంలో దాన్ని నొక్కకపోతే పాఠం మళ్లీ మొదటికొచ్చేది. ఆపి, తర్వాత చూసుకుందామంటే కుదరదు. ఒకరి బదులు ఒకరు కూర్చోకుండా ట్యాబ్ మొహం కూడా చూసేది. ఈ కట్టుదిట్టాలు చేసిన మహానుభావుడు ఎవరోగాని, పసిపిల్లలున్న గదిలో నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నవాడు మాత్రం కాదు.

పోనీ ఇంటికి తీసుకెళ్లి వినొచ్చు కదా అంటే, అదీ లేదు. రెండేళ్ల కిందట, శిక్షణల పేరుతో మా ఇంటి సమయం తినొద్దు, పనివేళల్లోనే పెట్టండి అని పనివాళ్లంతా అర్జీ పెట్టుకున్నారు. దాని మీద మొదటి సంతకం పెద్దమ్మదే. రెండేళ్లు పట్టినా పైవాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా అమలు చేశారు. ట్యాబ్ పొద్దున తొమ్మిదింటికి తెరుచుకుని సాయంత్రం అయిదింటికి మూసుకుపోయేది. పనివేళల్లో ఆమె చేతులు ఖాళీ అయ్యేది పిల్లలు పడుకున్నప్పుడే. ఆ సంతకం పెట్టిన చేతిని చూసుకుని ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

ఆ పడుకునే వేళకు కూడా ఓ శత్రువు ఉన్నాడు. వాడికి ఏడాదిన్నర. చేరి మూడు వారాలైంది. అందరూ గంటన్నర నిద్రపోతే వాడు ఇరవై నిమిషాలకు లేచి కూర్చుని "మమ్మా" అనేవాడు. వాడికి కోడినిద్ర అని పేరు పెట్టింది వంటావిడ. పెద్దమ్మ వెళ్లి వీపు మీద చెయ్యి వేస్తే మళ్లీ పడుకునేవాడు. ఇంకెవరి చెయ్యీ పనికొచ్చేది కాదు. మొదటి వారమంతా గుమ్మం దగ్గరే నిలబడి ఎవరినీ ముట్టుకోనివ్వని బిడ్డ, పది రోజులకు తనంతట తానే వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాడు. ఆ రోజు ఆమె పొంగిపోయి కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది.

కాబట్టి పాఠం మొదలయ్యేది, ఇరవై నిమిషాలు నడిచేది, వాడు "మమ్మా" అనేవాడు, ఆమె లేచేది, పచ్చమీట వెలిగి ఆరిపోయేది, పాఠం మొదటికొచ్చేది. ఓసారి వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూసింది. "ఒకరు మాత్రమే ఉండాలి" అని ట్యాబ్ గీపెట్టి ఆగిపోయింది. ఇలా తొమ్మిదిసార్లయింది. పాఠం చెప్పే గొంతు చెవిలో జోరీగలా తయారైంది. "బిడ్డ పిలిచినప్పుడు పెద్దవారు వెంటనే దగ్గరికి వెళ్లాలి" అని అది తియ్యగా చెబుతుంటే, "వెళ్లనిస్తే కదే!" అని పళ్లు కొరికేది.

మేనేజరమ్మకు చెప్పుకుంది.

"నాకు తెలుసు పెద్దమ్మా, కానీ నా చేతుల్లో లేదు. మిగతా పాఠాలన్నీ అయిపోయాయి కదా, ఇదొక్కటీ ఎలాగోలా లాగించెయ్యండి."

"ఎలా లాగించను మేడమ్? వాడు లేస్తున్నాడు కదా!"

"కాసేపు ఏడిస్తే ఏమవుతుంది? ఒక్కరోజే కదా."

"ఏమవుతుందో ఆ పాఠంలోనే చెప్పారు. సగం దాకా కంఠతా వచ్చింది, అప్పజెప్పమంటారా?"

మేనేజరమ్మ ఫోన్ తీసి పైవాళ్ల జవాబులు చూపించింది. ఆమెదీ తప్పు కాదు. పైకి రెండు ఉత్తరాలు రాసింది. "మీ సమస్య నమోదైంది" అని రెండుసార్లూ జవాబొచ్చింది.

ఆఖరి రోజు వచ్చింది. మేనేజరమ్మ వంటావిడను చిన్నగదికి పంపి, పెద్దమ్మను అద్దాల ఆఫీసులో కూర్చోబెట్టి, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు చేతికిచ్చింది.

"ఏం జరిగినా లేవకండి. రేపు మీరు ఆ గదిలో ఉండాలంటే ఇవాళ లేవకూడదు."

పద్దెనిమిదో నిమిషంలోనే కోడినిద్ర లేచాడు. చెవులు మూసుకుపోయి గొంతు వినబడలేదు గాని, పెదవులు కదలడం కనబడింది. వంటావిడ పరుగున వెళ్లి జోకొట్టింది. వాడు చెయ్యి తోసేశాడు. లేచి, తప్పటడుగులు వేసుకుంటూ నేరుగా అద్దం దగ్గరికి వచ్చి రెండు అరచేతులతో కొట్టాడు. ఆమె వాడికి కనబడుతోంది. పెద్దమ్మ అక్కడే ఉంది, రావడం లేదు. ఆ వయసు బిడ్డకు అది ఎలా అర్థమవుతుంది?

పచ్చమీట వెలిగింది. నొక్కింది. వంటావిడ వాడిని ఎత్తుకెళ్లింది, వాడు వెనక్కి విరుచుకుని కిందికి జారి మళ్లీ వచ్చాడు. ఆమె కుర్చీని అవతలి వైపు తిప్పుకుంది. వీపు వాడి వైపు పెట్టుకుని, కళ్ల నీళ్లు కారిపోతుంటే ట్యాబ్‌కు మొహం చూపిస్తూ కూర్చుంది. మళ్లీ మీట. మళ్లీ నొక్కింది. ఇరవై రెండు నిమిషాలు అలా గడిచాయి. తర్వాత పరీక్ష. బిడ్డ ఏడుస్తుంటే మీరు మొదట ఏం చేస్తారు? నాలుగు జవాబుల్లో సరైనది ఏదో కళ్లు మూసుకుని కూడా చెప్పగలదు. పదికి పది వచ్చాయి. తెర మీద రంగు కాగితాలు ఎగిరాయి.

బయటికి వచ్చేసరికి వాడు ఏడవడం లేదు. గోడవైపు తిరిగి కూర్చుని, బొమ్మ లారీని తలకిందులుగా పెట్టి చక్రం తిప్పుతున్నాడు. ఆమె ఎదురుగా వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ చాపింది. "రా నాన్నా, వచ్చేశాను." వాడు తలెత్తి చూశాడు. మళ్లీ చక్రం తిప్పుకున్నాడు. దగ్గరికి రాలేదు సరే, అలకైనా చూపించలేదు. అలిగి ఉంటే ఆమె బతిమాలుకునేది.

అయిదింటికి వాడి తాత వచ్చాడు. రోజూ తీసుకొచ్చేదీ, తీసుకెళ్లేదీ ఆయనే. రోజూ అడిగే మాటే అడిగాడు.

"మావాడు ఏడ్చాడా అమ్మా ఇవాళ?"

మేనేజరమ్మ పక్కనుంచి కళ్లతోనే వద్దని చెబుతోంది. ఆమె చేతిలో అప్పుడే అచ్చుతీసిన, ఇంకా వేడి ఆరని సర్టిఫికెట్ కాగితం.

"ఏడ్చాడండీ," అంది పెద్దమ్మ. "చాలాసేపు ఏడ్చాడు. నేను ఇక్కడే ఉన్నాను. చూస్తూ కూడా వెళ్లలేదు."

ఆయన కోప్పడతాడని నిలబడింది. కోప్పడితే బాగుండుననే నిలబడింది. ఆయన మనవణ్ని భుజాన వేసుకుంటూ ఆమె మొహం వైపు ఆదుర్దాగా చూశాడు.

"అయ్యో, ఒంట్లో బాగోలేదా తల్లీ?"

ఆమె బిడ్డ దగ్గరికి వెళ్లకపోవడానికి ఆయనకు అంతకు మించి కారణం తోచలేదు.