తడవని మొక్కుచీర

మా మరిది కవరైపేట్టై పక్కన ఒక కంపెనీలో గుడ్డలకు నీళ్ళంటని పూత పూసే పని చేస్తాడు. తామరాకు మీద కంటికి కనబడని బొడిపెలుంటాయని, నీటిబొట్టు ఆ మొనల మీదే నిలిచి దొర్లిపోతుందని, తాము గుడ్డ మీద అవే బొడిపెలు పెడతామని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. తామరాకును తనే కనిపెట్టినట్టు! తరాలుగా మగ్గం నేసిన ఇల్లు మాది. గుడ్డ నీళ్ళు పీల్చకుండా ఉంటే బాగుండునని మాలో ఎవరికీ తోచలేదు. అంత తెలివి లేదు పాపం.

పోయిన ఏడాది నా కూతురు డెంగీతో ఆసుపత్రిలో పడింది. బిడ్డ బతికితే కొత్తచీర కట్టి, తలమీద నీళ్ళు పోసుకుని, ఆ తడిబట్టతోనే తిరుత్తణి కొండ మీద గుడి చుట్టూ అడుగులో అడుగేసి తిరుగుతానని మొక్కుకున్నాను. బిడ్డ లేచింది. పళ్ళిపట్టులో మా మామ ఆ నూలుచీర తనే నేశాడు. మరకలు పడకూడదని మరిది దాన్ని కంపెనీకి పట్టుకుపోయి, మాకు చెప్పకుండా పూత పూయించుకొచ్చాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

కూతురితో సహా అందరం కొండెక్కాం. అక్కడ కుళాయి దగ్గర బకెట్ నీళ్ళు గుమ్మరించుకున్నాను. తల తడిసింది. చీర మీద నీళ్ళు గోలీల్లా దొర్లి కింద పడ్డాయి. ఇంకో బకెట్ పోసుకున్నా అంతే.

"చూసినావా వదినా, ఒక్క చుక్క అంటలే!" అని మరిది మురిసిపోయాడు.

"తడిబట్టతో తిరుగుతానని గదా నాయనా మొక్కుకునింది?"

"నీళ్ళయితే పోసుకున్నావు గదా. సామికి ఆ లెక్క చాలు."

మామకు ఒళ్ళు మండింది. "నీ బుర్రకు గూడా ఆ పూతే పూసినట్టుండారు రా. ఒక్క మాటా ఇంకదు" అన్నాడు.

వేరే చీర తేలేదు. బట్టలు మార్చుకునే గదిలోకి పోయి లంగా, రవికె విప్పి బకెట్లో ముంచి, పిండకుండా కట్టుకుని, పైన ఆ చీర చుట్టుకున్నాను. ఒళ్ళంతా జిల్లుమంది. పైకి మాత్రం అప్పుడే ఇస్త్రీ చేసిన చీర కట్టినట్టున్నాను.

ప్రదక్షిణలో నా వెనకామె పక్కామెతో అరవంలో అంది, పొడిచీరతో మొక్కు తీరుస్తోంది చూడు, సామినే మోసం చేస్తారు అని. నాకు తల కొట్టేసినట్టయింది. మరిది పరిగెత్తుకొచ్చి ఆమెకు తన కంపెనీ గొప్పలు మొదలుపెట్టాడు. మామ అంత తిట్టినా వాడికి అంటలేదు, దున్నపోతు మీద వాన అంటే ఇదే.

చివరి మలుపులో నా కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఏం మా, రవికంతా తడిసుండాదే, ఇట్ల వణకతా ఉండావు?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసం తడిశానో ఆ బిడ్డకు నా తడి తెలిసింది. ఇంకెవరికీ తెలియకపోతే ఏం?