వదిన కంటి భూతద్దం

పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున మా అన్న ముత్తియాల్‌పేట నుంచి ఫోన్ చేసి, "మీ వదిన పోయిందిరా" అన్నాడు. చాలాసేపు ఏడ్చాను. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందుగా గుర్తొచ్చింది మాత్రం నా కుళ్ళు. అది దాచిపెట్టి ఆమెను పొగిడితే అబద్ధమే అవుతుంది.

నేను టెలిఫోన్ శాఖలో టెక్నీషియన్‌గా చేశాను. ఇంట్లో సర్క్యూట్ బోర్డులు చేసుకోవడం నా పిచ్చి. రాగిరేకు అంటించిన పలక మీద గీతలు గీసి మందునీళ్ళలో వేస్తే, గీతల కింది రాగి మిగిలి తక్కినది కరిగిపోతుంది. ఏ గీత వెంట్రుకవాసి తెగినా బోర్డు పనిచేయదు.

అందరం ఒకే ఇంట్లో ఉన్న రోజులవి. గీత ఎక్కడ తెగిందో రెండు రోజులు వెతికి విసుగొచ్చి నేను పడేసిన బోర్డును వదిన చేతిలోకి తీసుకుంది. వాళ్ళ నాన్న బంగారు పని చేసేవాడు. ఆయన కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం ఆమె దగ్గరుండేది. దాన్ని కంటిగుంటలో ఇరికించుకుని, నా కాఫీ చల్లారేలోపల, "ఈడ తెగిండాది చూడు అబ్బయ్యా" అంది.

నేను దీపమున్న పెద్ద భూతద్దం కొన్నాను. ఆ తర్వాత కంప్యూటర్‌కు తగిలించే మైక్రోస్కోప్ కొన్నాను. తెర మీద గీత వేలంత లావుగా కనబడేది. అయినా నాకంటే ముందు ఆమే కనిపెట్టేది. చదివింది నేను, మెప్పు ఆమెకు.

"నీ అద్దం పెద్దదే. నీకు తొందర, అంతే" అనేది నవ్వుతూ. "మందు తిన్న చోట అంచు గరుగ్గా ఉంటాది. బ్లేడుతో కోస్తే నున్నగా ఉంటాది. గొలుసు అరిగి తెగిందో, ఎవురైనా కోసినారో మా నాయన ఇట్లనే చెప్పేవాడు." నేను తెర మీదే కళ్ళు పెట్టి, ఆ మాట చెవిన వేసుకోలేదు.

ఒక ఆదివారం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, బాగున్న బోర్డు మీద ఒక గీతను బ్లేడుతో సన్నగా కోసి, చూసిపెట్టమని ఆమెకిచ్చి బజారుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బోర్డు నా బల్ల మీద ఉంది. "అంతా సరిగానే ఉండాది అబ్బయ్యా" అంది.

భోజనాల దగ్గర అందరి ముందూ, "వదినకు చూపు మందగించింది. తెగిన గీత ఆమెకు కనబడలేదు" అని వెక్కిరించాను. మా అన్న కూడా నవ్వాడు. "వయసైపోతా ఉంది గదా" అని వదిన నాకు ఇంకో గరిటె సాంబారు వేసింది.

తిన్నాక బోర్డును మైక్రోస్కోప్ కింద పెట్టాను. కోత కనబడలేదు. నేను కోసిన చోట సన్నని రాగిపోగు పరిచి టంకం వేసి ఉంది. ఆ కోత నాదేనని అంచు చూసిన ఆమెకు తెలిసే ఉంటుంది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. వెళ్ళి తప్పయిందని చెప్పకుండా బోర్డును పెట్టెలో దాచేశాను. ఆమె ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేను వేరే ఇల్లు తీసుకుని సారం అనే పేటకు మారాక కూడా, కలిసినప్పుడల్లా "బోర్డులు చేస్తా ఉండావా" అని మాత్రం అడిగేది. తెగిన గీతను ఎలా పట్టాలో నాకు నేర్పింది ఆమేనని నేను ఒక్కసారీ అనలేదు.

కర్మలయ్యాక మా అన్న ఆ భూతద్దం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి ఆ పాత బోర్డు తీశాను. టంకం మెరుపు తగ్గింది గానీ అతుకు కదల్లేదు. ఎక్కడైనా పొంగిందా, పక్క గీతకు అంటిందా అని మైక్రోస్కోప్‌లో చూశాను. ఒక్క తప్పూ దొరకలేదు. ఇప్పుడు ఆమె భూతద్దం కంటికి పెట్టుకుని వెతుకుతున్నాను. పక్కన కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.