పైపు అందని మల్లె సాలు

కింద రాస్తున్నదంతా అక్షరాలా నిజం. మా ఇంటి దేవుడి గూటి ముందు నిలబడి, అరచేతిలో కర్పూరం వెలిగించి ప్రమాణం చేస్తున్నాను. ఆ వెలుగు చూసి మా ఆవిడ వంటింట్లోంచి, "మళ్ళీ ఏం అబద్ధం రాయబోతున్నారండీ?" అని అడిగింది. ఈ వ్యాసానికి సంబంధం లేని ప్రశ్న కనుక జవాబు చెప్పలేదు.

కొత్త జిల్లాలు ఏర్పడిన సంవత్సరం, దసరా వెళ్ళాక, నన్ను తెనాలి ఆఫీసు నుంచి బాపట్ల ఇసుక నేలలకు ఫీల్డ్ ఆఫీసరుగా వేశారు. నేను పనిచేసింది ఒక అత్తరు కంపెనీలో. ఇప్పుడది లేదు, పేరు అనవసరం. కంపెనీ రైతుకు మల్లె అంట్లు ఇస్తుంది, రైతు పూసిన పువ్వు కంపెనీకే ఇస్తాడు. తోటలు తిరిగి, ఏ నెలలో ఏం చెయ్యాలో చెప్పేవాడు ఫీల్డ్ ఆఫీసరు. అతని పైన ఏరియా మేనేజరు. ఆయన తెనాలిలో ఫ్యాను కింద ఉంటారు. తోట బాగుంటే మేనేజరు బాగుచేసినట్టు, పాడైతే ఫీల్డ్ ఆఫీసరు పాడుచేసినట్టు. ఈ నియమం ఎక్కడా రాసి ఉండదు గానీ, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే అందరికీ తెలిసిపోతుంది.

మల్లె సంగతి కొంచెం చెప్పాలి. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండే మొక్క ఇది. ఎండకు ఓర్చుకుంటుంది, ఇసుకలోనూ బతుకుతుంది. దానికి పడనిది ఎప్పుడూ తడి. తుఫాను వానలు వెనక్కి తగ్గాక నీళ్ళు పూర్తిగా ఆపేయాలి. ఆకు వాడి రాలుతుంది, రాలనిది చేత్తో దూసేస్తాం. పొద చీపురుకట్టలా మిగులుతుంది. దీన్ని ఎండగట్టడం అంటాం. జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, అప్పుడు నీళ్ళు వదిలితే చిగురుతో పాటు మొగ్గ తొడుగుతుంది. ఈ మధ్యలో ఎవరైనా జాలిపడి తడి ఇచ్చారా, ఆ వేసవికి ఆకే తప్ప పువ్వు ఉండదు.

నేను చూసే తోటల్లో నాగరత్నం గారిది ఒకటి. రేపల్లె దగ్గర వరి పండించే ఇంటి ఆడపడుచు. భర్త పోయాక అన్నదమ్ముల ఇంట్లో వదినల మాటలు పడలేక, బాపట్ల దగ్గర ఎకరం ఇసుక చేను కౌలుకు తీసుకుని మల్లె వేసుకున్నారు. మూడో ఏడు నడుస్తోంది. చేను ఆసామి ఆవిడకు ఒకటే మాట చెప్పాడు. ఈ వేసవి పువ్వు దిగితే కౌలు సాగుతుంది, దిగకపోతే చేను తవ్వించి రొయ్యల చెరువు వేసుకుంటాడు. చెరువైతే ఆవిడ మళ్ళీ వదినల దగ్గరికే వెళ్ళాలి.

నీళ్ళు ఆపమని చెప్పగానే నాగరత్నం గారు నడుము మీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఏంటండీ, పచ్చగా ఉన్నదానికి నీళ్ళు మానమంటారా? మీ ఇంట్లో కూడా ఇలాగే అన్నం మానిపిస్తారా?"

"మా ఇంట్లో మానిపించేది మా ఆవిడండి. నాకు."

ఆవిడ నవ్వారు. కానీ కాలవ కింద పుట్టిన మనిషి. వాడిన ఆకు కనబడితే చెయ్యి దానంతటదే బోదె గట్టు తెంచుతుంది. మనసు మళ్ళించడానికి, టీ కొట్ల దగ్గర అందరికీ చెప్పే కథే ఒకటి చెప్పాను. వాడరేవులో మంచు కమ్మి దారి తప్పిన పడవ ఒకటి, ఒడ్డున పూసిన మల్లెపొద వాసన పట్టుకుని తిన్నగా ఇంటికొచ్చిందని, ఆ రోజు పట్టిన చేపలు కూర వండినా మల్లె వాసనే వేశాయని, కావలిస్తే ఒట్టేస్తానని. వేశాను కూడా. ఆవిడ నవ్వి నవ్వి మోటారు ఆపేశారు.

తోట ఎండింది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ, "ఏంటక్కా, చీపుళ్ళ తోటేశావా? మాకో రెండు కట్టలు ఇవ్వు" అనేవారు. పొద్దున్నే మోటారు వంక చూడకుండా మొహం తిప్పుకుని వెళుతున్నానని ఆవిడ నాతో చెప్పారు. అయినా పట్టుదలగా నిలబడ్డారు.

అప్పుడు తెనాలి నుంచి కబురు. మా దగ్గర అత్తరు కొనే పెద్దలు తోట చూడటానికి వస్తున్నారు, ఫోటోలు తీస్తారు, తోట పచ్చగా ఉండాలి, వెంటనే నీళ్ళు పెట్టించాలి. మేనేజరు గారు ఈ సంగతి నాగరత్నం గారికి కూడా నేరుగా ఫోను చేసి చెప్పారు. నేను రైలెక్కి తెనాలి వెళ్ళి, ఇప్పుడు తడి ఇస్తే వేసవి పువ్వు పోతుందని వివరంగా విన్నవించుకున్నాను. ఆయన చివరిదాకా విన్నారు.

"నీళ్ళు మానిపిస్తేనే పూస్తుందా? వాడరేవు పడవకి దారి చూపించింది కూడా ఈ మొక్కేనాండీ?"

ఆఫీసంతా నవ్వింది. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. నా వాదన అక్కడితో ముగిసింది.

తిరిగి వచ్చేసరికి నాగరత్నం గారు మోటారు షెడ్డు దగ్గర నిలబడి ఉన్నారు. ఎవరి మాట వినమంటారని అడిగారు. నా మాటేనన్నాను. ఒట్టేయమన్నారు. వేశాను.

"పడవ కథకి కూడా ఒట్టేశారు కదండీ" అన్నారు, కోపం లేకుండానే. స్విచ్ వేశారు. పైపుల్లో నీళ్ళు కదిలిన చప్పుడుకు ఆవిడ మొహం, ఉపవాసం ఉన్న బిడ్డకు ముద్ద పెట్టిన తల్లి మొహంలా అయింది.

పెద్దలు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. పచ్చటి తోటలో మేనేజరు గారి ఫోటో చక్కగా వచ్చింది. తరవాత కత్తిరింపు చేశాం, ఎరువు వేశాం. ఉగాది దాటినా ఆకు మీద ఆకే. పడమటి గట్టు పక్కన ఒక్క సాలు మాత్రం మొదలు నుంచి చివరిదాకా తెల్లగా విరగబూసింది. అక్కడి పైపు ఎలుకలు కొరికేయడం వల్ల పెద్దల కోసం పెట్టిన తడి ఆ సాలుకు అందలేదు, కత్తిరింపు అయ్యి పైపు మార్చాకే నీళ్ళు వెళ్ళాయి. ఒక్క సాలు పువ్వుకు కౌలు నిలవదు. ఆసామి పొక్లెయిన్ తెచ్చాడు. కంపెనీ దీనికి ఫీల్డ్ ఆఫీసరు పర్యవేక్షణ లోపం కారణమని తేల్చింది. ఆ ఏడాదే ఉద్యోగం వదిలేశాను. దాన్ని రిటైర్మెంట్ అని నేనంటాను. మా ఆవిడ వేరే మాట అంటుంది.

ఆ వేసవిలోనే తెనాలి స్టేషన్లో రేపల్లె బండి దగ్గర నాగరత్నం గారు కనబడ్డారు. చేతిలో సామాను సంచులు, వాటి మీద ఆ పడమటి సాలు మల్లెల దండ. దండ నా చేతిలో పెట్టి, "మీరు చెప్పింది నిజమేనండీ అన్నయ్యగారూ" అన్నారు.

ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. రైతు నీళ్ళు వదిలినా ఆపినా ఫీల్డ్ ఆఫీసరు నోటి మాట మీదే. ఆ మాటను టీ కొట్ల దగ్గర ఖర్చుపెట్టేస్తే, తోట దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. మేనేజరు మాటకు ఆ బాధ లేదు. దాని విలువ కుర్చీతో పాటు వస్తుంది.

ఇక ప్రమాణం సంగతి. చదివినవాళ్ళు ఎలుకలు కొరికిన పైపు నా కల్పన అనుకుంటారు. కాదు. ఆ సాలు పూసింది, ఆ పువ్వులు నేను చూశాను. స్టేషనూ నిజమే. నాగరత్నం గారు నన్ను చూశారు, సంచులు ఎత్తుకుని పక్క పెట్టెలోకి ఎక్కారు. చేతిలో పూలు లేవు. ఆ దండా నేను అల్లిందే, ఆ మాటా నేను అల్లిందే.